ఒకే చిత్రం, రెండు డిస్కులు: లేజర్‌డిస్క్, డీవీడీ పోలిక

చెన్నై కోడంబాక్కంలోని మా ఇంట్లో రెండు వారాలుగా 1960ల నాటి ఒక సినిమాస్కోప్ (వెడల్పు తెర) సంగీత చిత్రాన్ని లేజర్‌డిస్క్ (డీవీడీకి ముందు వచ్చిన పెద్ద సినిమా డిస్కు) మీదా, డీవీడీ మీదా మార్చి మార్చి చూస్తున్నాను. జపాన్ లేజర్‌డిస్క్ ప్లేయర్‌కు 100 వోల్టులే కావాలి కనుక, రిచీ స్ట్రీట్‌లో దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. టీవీ మాత్రం రెండింటికీ ఒకటే, పాత ట్యూబు టీవీ.

లెక్క ప్రకారం డీవీడీదే పైచేయి కావాలి. 30 సెంటీమీటర్ల లేజర్‌డిస్క్ వెలుగునూ రంగునూ ఒకే అనలాగ్ సంకేతంగా (దీన్నే కాంపోజిట్ అంటారు) కలిపి దాచుకుంటుంది, వాటిని మళ్ళీ విడదీసే దగ్గర లోపాలు పుడతాయి. 12 సెంటీమీటర్ల డీవీడీ ఆ రెండింటినీ విడివిడిగా ఉంచి ఎంపెగ్-2 అనే డిజిటల్ పద్ధతిలో కుదిస్తుంది. అందువల్ల నాయిక ఎర్ర గౌను అంచున లేజర్‌డిస్క్‌లో చీమలబారులా పాకే చుక్కలు డీవీడీలో కనిపించకూడదు. కాని అదే అంచున అవే చీమలు పాకుతున్నాయి! డీవీడీ ప్లేయర్‌ను వెలుగునూ రంగునూ విడివిడిగానే పంపే కాంపోనెంట్ కేబుల్‌తో కలిపాను కాబట్టి తప్పు నా వైర్లది కాదు. ఫిల్ము నుంచి మళ్ళీ టెలిసినీ (ఫిల్మును వీడియోగా మార్చడం) చేయించకుండా, లేజర్‌డిస్క్ కాలపు కాంపోజిట్ టేపునే డీవీడీకి ఎక్కించారన్నమాట.

అంతకన్నా బాధ కలిగించినది మరొకటి ఉంది. డీవీడీని అనామార్ఫిక్‌గా (వెడల్పు బొమ్మను పక్కల నుంచి నొక్కి ఎక్కువ గీతల్లో నింపే పద్ధతిలో) చేయకపోవడంతో బొమ్మకున్న 480 అడ్డగీతల్లో సుమారు 270 మాత్రమే బొమ్మకు దక్కాయి, మిగిలినవి పైనా కిందా నల్లపట్టీలకు పోయాయి. అనామార్ఫిక్ అయితే 360 దాకా దక్కేవి. పైగా డీవీడీలో పొగమంచు దృశ్యం చిన్నచిన్న గడులుగా విరిగిపోతోంది. లేజర్‌డిస్క్‌లో బొమ్మ మీద రవ్వలాంటి సన్నని గరుకు ఉన్నా మంచు మాత్రం మంచులాగే కదులుతుంది.

గంటకోసారి డిస్కు తిప్పవలసి వచ్చినా ఈ చిత్రానికి నా ఓటు లేజర్‌డిస్క్‌కే. ఫిల్ము నుంచి కొత్తగా చేసిన అనామార్ఫిక్ డీవీడీ దొరికితే ఆలోచించకుండా అదే కొనవచ్చు. అట్ట వెనుక అనామార్ఫిక్ అని తెలిపే 16:9 గుర్తు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

నా లేజర్‌డిస్క్ రెండో వైపు చివరి పది నిమిషాల్లో తెల్లటి మిణుకులు మొదలయ్యాయి. లోపలి అల్యూమినియం పొర చెడుతున్నదనడానికి అదే గుర్తు, ఒకసారి మొదలైతే బాగుచేసే దారి లేదు. ఆ మిణుకులు గౌను దాకా రాకముందే ఎవరైనా ఈ చిత్రాన్ని ఫిల్ము నుంచి మళ్ళీ ఎక్కిస్తారని ఎదురుచూస్తున్నాను.