న్యూటౌన్ ఫ్లానెలా, షికాగో కేటలాగా: ఏది మేలు?

తపాలాలో సరుకు తెప్పించుకునే వ్యాపారం అనగానే చాలామందికి అమెరికాయే గుర్తుకొస్తుంది. కానీ అంతకు పదేళ్ల ముందే వేల్స్‌లో, ఉన్ని మగ్గాలకు పేరున్న న్యూటౌన్‌లో, ప్రైస్ జోన్స్ అనే బట్టల వ్యాపారి ఆ పని మొదలుపెట్టాడు. 1860 ప్రాంతంలో ఊరికి రైలు వచ్చింది. ధరల పట్టీ, ఫ్లానెల్ అనే మెత్తటి ఉన్ని బట్ట నమూనా ముక్క తపాలాలో పంపడం, ఆర్డరు రాగానే మూట రైలెక్కించడం అతని పద్ధతి. చేత్తో తడిమి చూసే ఆ ముక్కే సగం బేరం కుదిర్చేది. విక్టోరియా రాణి, ఫ్లోరెన్స్ నైటింగేల్ అతని ఖాతాదారులు. 1879లో స్టేషన్ పక్కనే పెద్ద ఇటుక భవనం కట్టి దానికి రాయల్ వెల్ష్ వేర్‌హౌస్ అని పేరు పెట్టాడు.

ఉన్నితోనే బతికిన మనిషి కాబట్టి ఉన్నితో కొత్త వస్తువు కూడా చేయగలిగాడు. 1876లో పేటెంటు తీసుకున్న యుక్లీసియా రగ్గు అలాంటిదే: గాలి ఊదే రబ్బరు దిండును ఒక చివర కుట్టేసిన కంబళి. ఒంటికి చుట్టుకుని బిగించుకుంటే అదే పడక. రష్యా సైన్యం 60,000 కావాలంది. ఈలోగా తుర్కులతో యుద్ధంలో రష్యా సాగించిన ప్లెవ్నా ముట్టడి ముగియడంతో మిగిలిన సరుకును ఇతరులకు అమ్ముకోవాల్సి వచ్చింది.

షికాగోలో కేటలాగు వ్యాపారం పెట్టిన మాంట్‌గొమరీ వార్డ్‌కు ఈ బాదరబందీ లేదు. పల్లె కొట్లలో రైతులు ఎంత ఎక్కువ ధర పెడుతున్నారో ఊరూరా తిరిగే అమ్మకందారుగా చూశాడు. 1872లో 163 వస్తువులతో ఒకే కాగితం అచ్చువేసి రైతు సంఘాల వాళ్లకు పంపాడు. నచ్చకపోతే డబ్బు వాపసు అన్నాడు. ఉన్ని అతనికి పదుల సరుకుల్లో ఒకటి, ఎక్కడ చవకైతే అక్కడ కొంటాడు. పల్లె వ్యాపారులు కేటలాగులను కుప్పపోసి తగలబెట్టారంటే దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో ఊహించుకోవచ్చు.

కొనేవాడి లెక్కలో వార్డే మేలు, సందేహం లేదు. నమూనా ముక్క చూసి మోసపోవచ్చు, వాపసు వచ్చే డబ్బుతో మోసపోలేం.

నేసేవాడి సంగతి వేరు. వార్డ్ ఏ నేత ఊరికీ కట్టుబడలేదు. జోన్స్ తన ఊరి పేరునే అమ్మాడు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. గిరాకీ పెరిగింది, న్యూటౌన్ మగ్గాలు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల ధరకు నిలవలేకపోయాయి. అక్కడి రోచ్‌డేల్ ఊళ్లో నేసిన ఫ్లానెల్ వెల్ష్ పేరుతో అమ్ముడుపోయింది. పవర్‌లూమ్ అచ్చు చీరను పోచంపల్లి అని అంటగట్టే వాళ్లను చూసిన మనకు ఇది వింతేమీ కాదు. జోన్స్ 1887లో సర్ అయ్యాడు, ఊరి ఉన్ని పరిశ్రమ మాత్రం క్షీణించింది.

అయినా మగ్గం మీద బతికేవాడినైతే నేను జోన్స్‌కే బట్ట ఇచ్చేవాణ్ణి, రోచ్‌డేల్ బేళ్లు స్టేషన్‌లో దిగనంత కాలం.