మియాటాతో ఆరేళ్లు: నా గొడవంతా ఆ టాపుతోనే

మియాటా అంటే మాజ్దా వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, గుడ్డ టాపు మడిచేసుకోవచ్చు. దాని ఇంజను గురించీ బరువు గురించీ మలుపుల్లో ఎలా తిరుగుతుందన్న దాని గురించీ రాయను. 1989లో మొదటి మియాటా వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటలు అందరూ చెప్తూనే ఉన్నారు, నిజమే చెప్తున్నారు. నాకు చెప్పాలనిపించేది గుడ్డ టాపు సంగతి.

నాది 2003 మోడల్. 2019 మార్చిలో, నార్త్ కరొలైనాలోని కేరీలో, 5,200 డాలర్లకి కొన్నాను. రాష్ట్రానికి కట్టిన 3 శాతం పన్ను వేరే. అంతకుముందు కొన్న బండ్లన్నీ "మైలేజీ ఎంత?" అని అడిగి కొన్నవే. స్పోర్ట్స్ కారు కొనడం ఇదే మొదలు.

ముందు అద్దం పైన రెండు కొక్కేలుంటాయి. విప్పి వెనక్కి తోస్తే టాపు మడతపడి సీట్ల వెనక కూర్చుంటుంది. మోటారు లేదు, బటన్ లేదు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పచ్చగా మారేలోపు, సీట్లోంచి లేవకుండా, ఒక్క చేత్తో అయిపోతుంది. మొదటి నెల్లో పాలకి వెళ్లినా టాపు తీసే వెళ్లాను. 2022లో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. "ఇంత డబ్బు పోసి టాపు లేని బండి కొన్నావేంట్రా" అని చెంగు తలకి చుట్టుకుని కూర్చుంది. హైవే ఎక్కకుండా జోర్డాన్ లేక్ వైపు తిప్పాను. అప్పుడే వాన వెలిసింది. తడిసిన గడ్డి వాసన, ఆ వెంటనే ఎవరి పెరట్లోనో మాంసం కాలుతున్న వాసన. అద్దాలు మూసిన బండిలో ఇవేవీ తెలియవు. చాలాసేపు మాట్లాడలేదు అమ్మ. చివరికి "ట్రాక్టరు మీద పొలానికెళ్లినట్టుందిరా" అంది. ఈ కారుకి అంతకన్నా మంచి మాట నేనెక్కడా వినలేదు.

కానీ ఆ షికారుకి ఏడాదిన్నర ముందు ఇదే టాపు నన్ను ఏడిపించింది. 2020లో ఆఫీసు ఇంటికొచ్చేసింది. గరాజ్‌లో నా బల్ల వేశాం, మియాటా ఇంటి ముందు పైన్ చెట్టు కిందికి చేరింది. నవంబరులో ఒకరోజు స్టాప్ బోర్డు దగ్గర బ్రేకు వేస్తే వెనకనుంచి "బుడుంగ్" అని చప్పుడు. నీళ్ల సీసా దొర్లిందనుకుని సీట్ల కింద వెతికాను, ఏమీ లేదు. బ్రేకు వేసినప్పుడల్లా ఉంది. రెండు వారాలు తిరిగేసరికి నానిన గోనెసంచి వాసన మొదలైంది. సీటు వెనక కార్పెట్టు మీద చెయ్యి ఆనిస్తే వేళ్ల సందుల్లోంచి నీళ్లు పైకొచ్చాయి.

మా తాతగారి పెంకుటింటికి చూరు కింద రేకు దోనె ఉండేది. వానాకాలం ముందు ఎవరో ఒకరు నిచ్చెనేసుకుని అందులో ఆకులు తీసేవాళ్లు. ఈ కారులోనూ అదే ఏర్పాటు. టాపు మీద పడ్డ నీళ్లు వెనక అంచునున్న దోనెలోకి దిగి, సీటుబెల్టు స్తంభాల వెనకున్న రెండు గొట్టాల్లోంచి వెనక చక్రాల ముందు నేల మీదికి పోవాలి. నా గొట్టాలు రెండూ పైన్ ఆకులతో బిగిసిపోయాయి. గట్టిగా గాలి కొడితే లోపల గొట్టం ఊడే ప్రమాదముంది. అందుకని గడ్డి కోసే మిషన్‌కి వేసే నైలాన్ దారం తీసుకుని మెల్లగా పొడుస్తూ కూర్చున్నాను. కుడివైపు పది నిమిషాల్లో తెరుచుకుంది. ఎడమవైపు రెండు గంటలు పట్టింది. ఉన్నట్టుండి డికాషన్ లాంటి నల్లనీళ్లు బొళబొళా కిందకి దూకాయి. కార్పెట్టు ఊడదీసి డెక్ మీద నాలుగు రోజులు ఆరేశాను. దానికి కాలనీ సంఘం నుంచి ఉత్తరం కూడా వచ్చింది, అది వేరే కథ.

ఆ మరుసటేడు తనిఖీకి తీసుకెళ్తే మెకానిక్ తలుపు కింది సిల్లు మీద, వెనక చక్రానికి కాస్త ముందు, కందిగింజంత పెయింటు బొబ్బ చూపించాడు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగిపోయింది. కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడానికి 1,100 డాలర్లయింది. తుప్పు అంత పాతదంటే నేను కొనకముందే మొదలై ఉండాలన్నాడు.

ఇందులో తప్పు నాదే. అమ్మినాయన రిటైరైన మాస్టారు, రసీదులన్నీ ఫైల్లో పెట్టి చూపించారు. 60 వేల మైళ్లకి టైమింగ్ బెల్టు మార్పించిన రసీదు చూసి మురిసిపోయాను. ఇంజను బలంగా ఉందో లేదో తెలియడానికి డబ్బులిచ్చి కంప్రెషన్ కొలిపించాను. కార్పెట్టు మాత్రం ఎత్తి చూడలేదు. ఆ కారు వాళ్లింటి ముందు పెద్ద పైన్ చెట్టు కిందే ఉంది. చూశాను కూడా. ఫొటోకి బాగుందనుకున్నాను.

పైన ఒక్క చేత్తో అన్నాను కదా, అది భుజం బాగున్నప్పటి మాట. పోయినేడు భుజం పట్టేసిన దగ్గర్నుంచీ దిగి, వెనక్కి వెళ్లి, రెండు చేతులతో మడుస్తున్నాను. పాలకెళ్లినా టాపు తీసే వెళ్లానన్నదీ మొదటి నెల ముచ్చటే. మార్చి చివర్నుంచి మూడు వారాలు పుప్పొడి, సీట్ల నిండా పసుపు చల్లినట్టే. జులై మధ్యాహ్నం నెత్తి మాడిపోతుంది. నిజంగా హాయిగా ఉండేది అక్టోబరు, నవంబరుల్లో. కాళ్లకి హీటరు వేడి, తలకి చలిగాలి. ఆ రోజుల్లో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి మీద, గంటకి 45 మైళ్ల పరిమితి దాటాల్సిన అవసరమే అనిపించకుండా, ఈ కారు నడపాలి. 2024లో హెలీన్ తుఫాను వచ్చాక నేను అటు వెళ్లలేదు. టాపు వేసుకుని ఐ-40 హైవే మీద లారీల పక్కన వెళ్లేటప్పుడు మాత్రం ఫోన్లో అవతలి మాట సగమే వినపడుతుంది.

కొనమంటారా అంటే, నా సంగతి చెప్పగలను. ఇంట్లో మినీవ్యాన్ ఉంది, ఒక్కతే కూతురు, వారంలో నాలుగు రోజులు ఇంటినుంచే పని, నా బల్ల మేడమీదికి మార్చాక గరాజ్ మళ్లీ మియాటాదే. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు సరిపోయింది. అపార్ట్‌మెంటులో చెట్ల కింద పార్కింగ్ అయితే నేనైతే కొనను. చూడ్డానికి వెళ్తే బానెట్ ఎత్తకముందే సీట్ల వెనక చెయ్యిపెట్టి నొక్కండి, వాసన చూడండి, టాపు వెనక మూలల్లో గ్లాసుడు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో వంగి చూడండి. అమ్మేవాళ్లు ఏమన్నా అనుకోనివ్వండి.

ఈమధ్య గరాజ్‌లో ట్రెడ్‌మిల్ పెడదామంటోంది మా ఆవిడ. ఇంటి ముందు పైన్ చెట్టు కొట్టించడానికి ఎంతవుతుందో కనుక్కుంటున్నాను.