పాత రైస్‌మిల్లు: షెడ్డు ఉంచాలా, కూల్చి అపార్ట్‌మెంట్ కట్టాలా?

నెల్లూరులో ఊరి మధ్య మూతపడ్డ మిల్లు ఉన్నవాళ్ల ఇంట్లో ఈ గొడవ తెగదు. నిర్ణయించుకునే ముందు ముంబై లోయర్ పరేల్ సంగతి చూడండి. 1982లో కార్మికుల సమ్మె తర్వాత అక్కడ బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, వాటిలో పనిచేసిన వాళ్లలో మన పద్మశాలీలూ ఉన్నారు. ఫీనిక్స్ మిల్లు పొగగొట్టం అలాగే ఉంచుకుని మాల్ అయింది. శ్రీనివాస్ మిల్లు స్థలంలో వరల్డ్ వన్ అనే అపార్ట్‌మెంట్ టవర్ లేచింది.

ఖర్చు
షెడ్డు: రేకులు, వైరింగ్, నేల, బాత్రూములు, అన్నీ మన జేబులోంచే.
అపార్ట్‌మెంట్: డెవలప్‌మెంట్‌కి ఇస్తే బిల్డరే పెట్టుకుంటాడు, మనకి వాటా ఫ్లాట్లు.

శ్రమ
షెడ్డు: ప్రతి నెలా అద్దె వసూలు.
అపార్ట్‌మెంట్: అన్నదమ్ములందరి సంతకాలు పడాలి, అదే కష్టం.

రిస్క్
షెడ్డు: నిప్పు. 2017 డిసెంబర్‌లో అదే లోయర్ పరేల్‌లో, పాత కమలా మిల్స్ ఆవరణలోని పబ్బుల్లో మంటలు లేచి 14 మంది చనిపోయారు, కాబట్టి హోటల్‌కి ఇస్తుంటే బయటికి రెండో దారి, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) ఉన్నాయని కళ్లారా చూశాకే తాళం చేతికివ్వండి.
అపార్ట్‌మెంట్: బిల్డర్ మధ్యలో ఆపేస్తే స్థలం ఇరుక్కుపోతుంది.

ఇరుగుపొరుగు
లోయర్ పరేల్ చాళ్లలోని (వరసగా ఒక్కో గది ఇళ్లుండే పాత భవనాలు) కార్మిక కుటుంబాలెన్నో మాల్, టవర్లు వచ్చాక పెరిగిన రేట్లకు తట్టుకోలేక దూరం వెళ్లిపోయాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఏ దారిలో వెళ్లినా మిల్లు పక్కనున్న హమాలీల ఇళ్ల గురించి ముందే ఆలోచించాలి.

గోడలు గట్టిగా ఉండి, స్థలం మెయిన్ రోడ్డు మీదుండి, చేతిలో డబ్బుంటే షెడ్డే మేలు. వాటాదారులు ఎక్కువై, పెట్టుబడి లేకపోతే అపార్ట్‌మెంట్.