పదో తరగతి మార్కులతో ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువు: ట్రిపుల్ ఐటీ ప్రవేశ విధానంపై సమీక్ష

ట్రిపుల్ ఐటీగా అందరూ పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైంది. పదో తరగతి ఫలితాల ఆధారంగా పిల్లలను చేర్చుకుని, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ ఒకే చోట చెప్పే ఈ సంస్థను, ప్రభుత్వ పాఠశాల పిల్లల తల్లిదండ్రులకు నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది, హాస్టల్ లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు, పదో తరగతి ఫలితాలు పదికి గ్రేడ్లుగా ఇచ్చిన రోజుల్లో, ఆ లెక్కలో కలిపిన 0.4 పాయింటు. దీన్ని కొందరు దయగా చూస్తారు గాని, నా దృష్టిలో ఇది కొలతలోని లోపాన్ని సరిదిద్దడం. ఏడాదిలో సగం కాలం లెక్కల మాస్టారు లేని ఊళ్లో 9.3 తెచ్చుకున్న అమ్మాయికీ, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చుని 9.7 తెచ్చుకున్న అబ్బాయికీ మధ్య తేడా తెలివిలో ఉందో, వసతుల్లో ఉందో ఆ అంకెలు చెప్పలేవు.

అయితే ప్రవేశ మార్కులు చెప్పగలిగేది కొంతవరకే. చేరినవారంతా పైస్థాయి గ్రేడ్లవారే అయినప్పుడు, సమానంగా నిలిచినవారిని గణితం, ఆ తర్వాత సైన్సు గ్రేడ్లతో వేరు చేసినా, ఆ చిన్న తేడాను బట్టి రేపు ఎవరు ప్రోగ్రామింగులో రాణిస్తారో ఊహించలేం. పై ఏళ్ల చదువును అంచనా వేయడానికి పదో తరగతి గ్రేడు కన్నా పీయూసీ మొదటి ఏడాది ఫలితాలే నమ్మదగిన ఆధారమని నా అభిప్రాయం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పాఠాలకు అలవాటు పడేది ఆ కాలంలోనే కాబట్టి, మొదటి సెమిస్టరులో వెనకబడినవారిని చూసి ఎంపికే తప్పని తేల్చడం అన్యాయం.

బోర్డు మార్కులపైనే ఆధారపడటంలో చిక్కు లేకపోలేదు. కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయిన 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రాంగణాలకు ప్రవేశ పరీక్ష పెట్టవలసి వచ్చింది. తెలంగాణ మాత్రం ఇతర ఇంజినీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్ష అయిన ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని 2023లో తొలగించింది. ఏళ్ల తరబడి సాగిన చదువును పక్కనపెట్టి, కోచింగ్ కొనగలిగినవారికి కలిసివచ్చే మూడు గంటల పరీక్షకే అంత బరువు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

దరఖాస్తు చేసే కుటుంబాలు వేసవి సెలవుల్లోనే పిల్లల చేత ఇంగ్లీషులో ఉన్న గణితం, భౌతికశాస్త్ర పాఠాలు చదివించడం మొదలుపెడితే మంచిది.