ట్రాక్షన్ కంట్రోల్ ఉంచితే మేలా, ఆపితే మేలా?

సంక్రాంతి సెలవుల్లో మైపాడు బీచ్‌లో మా బావమరిది కారు ఇసుకలో ఇరుక్కుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారే. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను మూలుగుతుందే గానీ బండి కదలదు. డ్యాష్‌బోర్డులో జారే కారు బొమ్మ పసుపు రంగులో టపటపా ఆరి వెలుగుతోంది. ‘నాలుగు చక్రాలకీ పవర్ అని లక్షలు ఎక్కువ పోసి కొన్నా గదా బావా, ఆ పవరేమైంది?’ అని వాడి గోల.

పవర్‌ని తగ్గించింది ట్రాక్షన్ కంట్రోలే. ఏదో ఒక చక్రం జారి తిరుగుతోందని, చక్రాల వేగం కనిపెట్టే ఏబీఎస్ సెన్సర్లు చెప్పగానే అది రెండు పనులు చేస్తుంది: ఇంజను జోరు తగ్గిస్తుంది, జారే చక్రానికి మాత్రం బ్రేకు వేస్తుంది. చక్రం జారకపోతే ఈ రెండూ జరగవు. అందుకే పొడి రోడ్డు మీద ‘ఆఫ్ చేస్తే పికప్ పెరుగుద్ది’ అనే మాట నేను నమ్మను.

రెండో పని ట్రాక్టర్ తోలినవాళ్లకు కొత్త కాదు. దమ్ములో ఒక వెనక చక్రం ఊరికే తిరుగుతుంటే ఆ వైపు బ్రేకు ఒక్కటే తొక్కుతారు, రెండో చక్రం నేలను పట్టుకుంటుంది. చాలా ఆల్ వీల్ డ్రైవ్ కార్లలోనూ కథ ఇదే. మధ్యలో ఉండే క్లచ్ పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచుతుంది గానీ, ఎడమ కుడి చక్రాల మధ్య ఉండేది మామూలు డిఫరెన్షియలే, అంటే రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె. ఒక చక్రం గాల్లో తేలిందంటే దాని జంట చక్రానికి బండిని కదిపేంత బలం అందదు. అక్కడ ఆదుకునేది ఈ బ్రేకే. కాబట్టి కాలవగట్టు మీద ఒక చక్రం గుంటలో వేలాడుతుంటే ఆన్‌లోనే ఉంచండి.

ఇసుక సంగతి వేరు. అక్కడ నాలుగు చక్రాలూ ఎంతో కొంత జారుతూనే ముందుకు పోవాలి, ఊపు తగ్గకూడదు. జారిన ప్రతిసారీ ఇంజను గొంతు నొక్కితే ఊపు చచ్చి బండి కూరుకుపోతుంది. ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్‌ని ఆపడమే మేలు. చాలా కార్లలో దాని బటన్ నొక్కితే ఇంజను జోరు తగ్గించడమే ఆగుతుంది, బ్రేకు సాయం మిగులుతుంది. లోతు బురదకూ ఇదే లెక్క. ఒంగోలు వైపు నల్లరేగడి వానకు తడిసి, తారు రోడ్డు మీద పల్చగా పేరుకుంటే మాత్రం ఆన్‌లోనే ఉండాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, వానలో హైవే మీద పోయేటప్పుడు ఇక చర్చే లేదు. ఆల్ వీల్ డ్రైవ్ బండిని లాగుతుంది గానీ, త్వరగా ఆపలేదు.

మేం బటన్ నొక్కినా బండి జానెడు కదిలి ఆగింది. పడవలు లాగే ట్రాక్టర్ అబ్బాయి వచ్చి, ‘ముందు గాలి తీయండన్నా’ అన్నాడు. టైర్లలో గాలి ముప్ఫై రెండు పీఎస్‌ఐ నుంచి పద్దెనిమిదికి దించి, చక్రాల ముందు ఇసుక తోడి, రెండో గేర్‌లో మెల్లగా తొక్కితే బయటపడింది. నిజం చెప్పాలంటే సగం పని గాలి తీయడం వల్లే అయింది.

ఇందుకూరుపేటలో పంక్చర్ షాపు దగ్గర గాలి కొట్టిస్తూ చూస్తే, బటన్ ఇంకా ఆఫ్‌లోనే ఉంది.