చెన్నైలో ఇంటికి వచ్చే అటెండర్ సేవ: ఏడు నెలల అనుభవం

మా అత్తగారికి 74 ఏళ్లు. పోయిన ఏడాది ఆషాఢంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి పెరంబూరులోని మా ఇంటికి తీసుకువచ్చాక మొదటి మూడు నెలలు నేనొక్కదాన్నే చూసుకున్నాను. ఒక తెల్లవారుజామున నడుము పట్టేసి నేనే మంచం దిగలేకపోయినప్పుడు, ఇళ్లకు మనుషులను పంపే ఒక సంస్థ ద్వారా రాత్రింబవళ్లు ఉండే అటెండర్‌ను పెట్టుకున్నాం. ఏడు నెలలు వాడుకున్న ఆ సేవ గురించి, అది ఎంతవరకు అక్కరకు వచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో, ఇలాంటి అవసరం పడినవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ రుసుము 3,000 రూపాయలు. అది తిరిగి రాదు. నెలకు 24,000 రూపాయలు ముందుగానే కట్టాలి, భోజనం, పడక మనమే చూసుకోవాలి. మొదట వచ్చిన అమ్మాయికి రోగిని ఎత్తడం, తిప్పడం ఏమీ తెలియవు; నాలుగో రోజున తనంతట తానే వెళ్లిపోయింది. 48 గంటల్లో మరొకరిని పంపుతామని ఒప్పందంలో రాసి ఉన్నా, రెండో మనిషి వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులకు డబ్బు తగ్గించమంటే కుదరదన్నారు.

రెండోసారి వచ్చినావిడ సూళ్లూరుపేట దగ్గరి పల్లెటూరి మనిషి, నలభై దాటి ఉంటాయి. వచ్చిన రోజే ఒక పాత నూలు చీర అడిగి తీసుకుని, నాలుగు మడతలు వేసి అత్తగారి వీపు కింద పరిచింది. రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పేటప్పుడు భుజం పట్టి లాగకూడదని, ఆ చీర అంచు రెండు చేతులా పట్టి మన వైపు జరుపుకుంటే చర్మం ఒరుసుకోదని, మన నడుముకూ బరువు పడదని చేసి చూపించింది. మూడు నెలలపాటు నేను భుజం పట్టే లాగాను. అత్తగారి నడుము దగ్గర ఎర్రబడి కమిలిన చోటూ, నా నడుమునొప్పీ రెండూ అక్కడినుంచి వచ్చినవేనని ఆ రోజు అర్థమైంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారు కానీ, ఈ చీర సంగతి ఎవరూ చెప్పలేదు.

రాగి జావ తాగించడం చూసినా అంతే. చెంచా సగమే నింపి, బాగున్న ఎడమ బుగ్గవైపు పోసి, గొంతు మీద వేలు ఆనించి అది కదిలేదాకా ఆగేది. "మింగండి పెద్దమ్మా, తొందరేం లేదు" అంటూ ఒక గిన్నె జావకు ముప్పావుగంట కూర్చునేది. అత్తగారికి పొలమారడం దాదాపు ఆగిపోయింది. ఆవిడ పనితనానికి నేను ఐదుకు ఐదు ఇస్తాను.

సంస్థకు మాత్రం రెండుకు మించి ఇవ్వలేను. మేము కట్టే 24,000లో ఆవిడ చేతికి వచ్చేది 14,000 అని మూడో నెలలో తెలిసింది. వారానికి ఒక్క రోజు కూడా సెలవు లేదు. అడిగితే, సెలవు కావాలంటే ఆ రోజు జీతం కోసేస్తామని చెప్పారు. ఊళ్లో మంచం పట్టిన తన తల్లిని, ఇంటర్ మానేసిన ఆవిడ కూతురు చూసుకుంటోంది. ఆ పిల్లకు జీతమూ లేదు, సెలవూ లేదు.

ఈ ఏడు నెలల్లో మా గడప తొక్కిన మరో సేవ ప్రభుత్వానిది. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలై తమిళనాడంతటా నడుస్తున్న 'మక్కళై తేడి మరుత్తువం', అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం. బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తారు, ఫిజియోథెరపీ చేస్తారు, చివరి దశ రోగులకు ఉపశమన చికిత్స అందిస్తారు. మా ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు పైసా తీసుకోకుండా అత్తగారి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, మాతో చేయించి మరీ వెళ్లారు. ప్రభుత్వం ఇంటి గుమ్మం దాకా రాగలదని నాకు నమ్మకం కలిగించింది ఈ పథకమే. అయితే అది వైద్యం కోసం పెట్టిన పథకం. వచ్చినవారు అరగంటలో వెళ్లిపోతారు, మిగిలిన ఇరవై మూడున్నర గంటలు ఇంట్లోవాళ్లవే. నేను అడుగుతున్నది ఆ గంటల గురించి.

ఆయుష్మాన్ భారత్‌ను 2024లో 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో పనిలేకుండా, వర్తింపజేశారు. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్సకు వస్తుంది. ఇంట్లో పెట్టుకున్న అటెండర్‌కు అందులోంచి ఒక్క రూపాయి రాదు. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చే వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200, ఆపైన 500. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం పిల్లలచేత భరణం ఇప్పిస్తుంది కానీ, చూసుకునే పిల్లలకు ఎవరు తోడు నిలుస్తారో చెప్పదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అన్న మాట ఉంది. అదీ ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద మంచం పట్టినవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. ఆ మొత్తం ఎంత చిన్నదైనా, చూసుకునే మనిషిని ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్నందుకు దాన్ని గౌరవిస్తాను.

బయటి దేశాల్లో ఈ గుర్తింపు ఊరికే రాలేదు. బ్రిటన్‌లో సంరక్షకుల భత్యం 1976లో మొదలైనప్పుడు పెళ్లయిన స్త్రీలకు అది వర్తించదన్నారు. వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది దాని వెనుక ఉన్న లెక్క. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం వదులుకుని, ఆ భత్యం నిరాకరిస్తే కోర్టుకెక్కి, 1986లో యూరోపియన్ న్యాయస్థానంలో గెలిచిన తరువాతే ఆ నిబంధన పోయింది. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాల సంరక్షణకు ప్రత్యేక బీమా పెట్టాయి. కోడలు చేస్తుందిలే, కూతురు చూసుకుంటుందిలే అన్న మాట మన ఇళ్లలో ఎంత సహజంగా వస్తుందో తెలిసినదాన్ని కనుక, డ్రేక్ కథ చదివినప్పుడు నాకు పరాయిదిగా అనిపించలేదు. నేనూ పద్నాలుగేళ్లు చేసిన టీచరు ఉద్యోగం వదులుకున్నదాన్నే.

దాచుకున్న డబ్బు అయిపోవడంతో పోయిన నెల ఈ సేవ మానేశాం. ఎవరైనా ఇలాంటి సంస్థతో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు తప్పకుండా కాగితం మీద రాయించుకోవాలి: కట్టిన డబ్బులో అటెండర్ చేతికి ఎంత అందుతుంది, వారపు సెలవు రోజున ఎవరు వస్తారు, మనిషి రాని రోజులకు డబ్బు తిరిగి ఇస్తారా. మొదటిదానికి జవాబు చెప్పని చోట డబ్బు కట్టకండి.

మా వీధిలోనూ పక్క వీధుల్లోనూ కలిపి ఇంట్లో మంచం పట్టినవారిని చూసుకుంటున్న పదకొండు మందిమి, ఎమ్మెల్యేగారికి ఇవ్వడానికి ఒక అర్జీ తయారుచేశాం. ఇంటికి వచ్చే వైద్య బృందంతోపాటు, ప్రభుత్వం జీతమిచ్చే శిక్షణ పొందిన ఒక సహాయకురాలిని వారానికి ఒక్క రోజైనా పంపాలన్నది అందులో మొదటి కోరిక. ఆసుపత్రి నుంచి పంపే ముందే, మనిషిని ఎలా తిప్పాలో, ఎలా తినిపించాలో ఇంట్లోవాళ్లకు చేయించి చూపించాలన్నది రెండోది. ఆ రెండో కోరిక రాసేటప్పుడు, పాత చీర మడత సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయించాను.