పొజిషనర్ నుంచి యాక్చుయేటర్‌కు 8 ఎంఎం పీయూ ట్యూబు, పుష్-ఇన్ ఫిట్టింగులు: ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వద్దు

పొజిషనర్ అంటే వాల్వు ఎంత తెరవాలో చూసుకుని గాలి పంపే పరికరం, యాక్చుయేటర్ అంటే ఆ గాలితో వాల్వును కదిపే భాగం. వీటి మధ్య గాలి తీసుకెళ్లేది పీయూ (పాలీయురేథేన్ ప్లాస్టిక్) ట్యూబు, దాన్ని లోపలికి తోస్తే చాలు పట్టుకునేవి పుష్-ఇన్ ఫిట్టింగులు. షెడ్డు లోపల ఉండే చిన్న డయాఫ్రమ్ వాల్వులకు (గాలి ఒత్తిడికి వంగే పొరతో కదిలేవి) ఈ జోడీ బాగా సరిపోతుంది. స్పానర్ పని తక్కువ, ట్యూబు ఎటు కావాలంటే అటు వంగుతుంది.

లీకులు ఎక్కువగా కోత దగ్గరే మొదలవుతాయి. కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోస్తే ట్యూబు చివర కోడిగుడ్డులా అణిగిపోయి, ఫిట్టింగు లోపలి ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) ఒక పక్క పట్టదు. ట్యూబ్ కట్టర్‌తోనే తిన్నగా కోయాలి. లోపలికి తోసేటప్పుడు మొదట కోలెట్ (ట్యూబును పట్టి ఉంచే రింగు) పళ్ల దగ్గర ఒకసారి ఆగుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంకాస్త గట్టిగా తోస్తేనే ఓ-రింగు దాటి అడుగుకు ఆనుతుంది. ఆపైన వెనక్కి లాగి చూడాలి.

ఫిట్టింగు మీది పావు అంగుళం ఎన్‌పీటీ థ్రెడ్‌కు (చివరికి సన్నబడే పైపు మర) మొదటి వరస వదిలేసి టెఫ్లాన్ టేపు చుట్టండి. టేపు ముక్క తెగి లోపలికి పోతే పొజిషనర్‌లోని సన్నటి దారులు మూసుకుపోతాయి. సింగిల్ యాక్టింగ్‌లో (గాలి ఒకవైపే తోసి, స్ప్రింగు వెనక్కి తెచ్చే రకంలో) వాడని అవుట్‌పుట్ పోర్టుకు ప్లగ్ తప్పనిసరి. సబ్బు నీళ్లలో బుడగ కనిపిస్తే వదలొద్దు. పోయిన గాలిని పొజిషనర్ మళ్లీ మళ్లీ నింపుతూ ఉంటుంది, వాల్వు స్టెమ్ (వాల్వును తెరిచి మూసే కడ్డీ) నిలకడగా నిలవదు.

ఆవిరి లైన్ల పక్కన మాత్రం ఇది వద్దే వద్దు. వేడికి పీయూ మెత్తబడి, ప్రెషర్ తట్టుకునే శక్తి తగ్గుతుంది. అక్కడ ఖర్చు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యూబు, డబుల్ ఫెర్రూల్ ఫిట్టింగే (రెండు లోహపు రింగులతో ట్యూబును బిగించేది) వేయాలి. దాని నట్టును చేత్తో బిగించాక స్పానర్‌తో ఒకటింపావు చుట్టు తిప్పితే చాలు.